ఆలస్యం ఎవరిది?



ప్రతి సంవత్సరం ఏప్రిల్ రెండో వారంలో మా విచారణలోని ఒక పెద్దాయన ఉదయం పూజకు ముందే గుడికి వచ్చి, నా చేతిలో ఒక చీటీ పెడతారు. దివ్యపూజలో తలంచుకోవలసిన వారి పేర్లు రాసిన చీటీ అది. ఆయన అగ్నిమాపక శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యారు. చిత్రమేమంటే ఆ చీటీలో పేర్లు దాదాపు ఉండవు. "ధర్మవరం మగ్గం ఇంటి అవ్వ", "హిందూపురం చింతపండు మూటల కూలీ", "కొట్టంలో పాప" అని ఉంటుంది. వారి పేర్లు ఆయనకు తెలియవు. పేర్లు అడిగి తెలుసుకునే వేళ కాదు గదా అది!

అడుగున రెండు రైళ్లు ఉంటాయి. మన ప్రాంతం వారికి ఆ రెండూ గుర్తే. 2012 మే 22న తెల్లవారుజామున పెనుకొండ స్టేషన్‌లో నిలిచి ఉన్న గూడ్సు బండిని హంపి ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నది. ముందున్న బోగీ అంటుకున్నది. 20 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది డిసెంబరు 28న బెంగళూరు నుండి నాందేడ్ వెళుతున్న రైలు హిందూపురం, పెనుకొండ దాటి ధర్మవరం వైపు పోతుండగా, కొత్తచెరువు దగ్గర ఏ.సి. బోగీ తగలబడింది. అదీ తెల్లవారుజామునే. 26 మంది ప్రాణాలు పోయాయి. అద్దాలు పగలగొట్టుకుని దూకినవారు బతికారు. పొగలో దారి తెలియనివారు లోపలే ఉండిపోయారు.

ఏప్రిల్ 14 అగ్నిమాపక సిబ్బందిని స్మరించుకునే రోజు. ఆనాటి నుండి 20వ తేదీ వరకు వారోత్సవాలు జరుపుతారు. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో మంటలు లేచాయి. పత్తి బేళ్లతోపాటు సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఆ ఓడలో ఉంది. అలాంటి సరుకు ఉన్న ఓడ ఎర్ర జెండా ఎగరేయాలి. అది ఎగరేయలేదు. ఓడను ముంచాలా, బయటికి లాగించాలా అని పెద్దలు తర్జనభర్జన పడుతుంటే ఫైర్‌మన్లు నీళ్లు కొడుతూనే ఉన్నారు. సాయంత్రం నాలుగు దాటగానే ఓడ పేలింది. వారిలో 66 మంది చనిపోయారు.

ఈ వారోత్సవాల రోజుల్లో పెద్దాయన పాత స్నేహితులు ఇద్దరు ముగ్గురు వస్తారు. మా గుడి వేపచెట్టు కింద కూర్చుని మాట్లాడుకుంటారు. నేనూ ఒక కుర్చీ లాక్కుంటాను. ఎండాకాలం గడ్డివాములు, వేరుశనగ కట్టె వాములు అంటుకోవడం, ఒక కొట్టం నుండి ఇంకో కొట్టానికి నిప్పు దూకడం చెబుతారు. పట్టు నేసే ఇంటికి పోయినప్పుడు పైపు పట్టుకున్నవాని చెయ్యి వణికేదట. నిప్పుకు మిగిలిన పడుగు నీళ్లకు పాడవుతుంది. నేతగాడు "వద్దు సామీ" అని అడ్డం పడేవాడట!

అయితే మంటల కంటె బండ్లను గురించే వారి ముచ్చట్లు ఎక్కువ. ఏ బండికి గేరు పట్టేసేది, ఏ బండి ట్యాంకు రాత్రంతా కారి తెల్లారేసరికి సగమయ్యేది, ఏ పైపు అతుకు దగ్గర చిట్లేది, అన్నీ వారికి గుర్తే. రైతు తన ముసలి ఎద్దును తలచుకున్నట్టే. 4,500 లీటర్ల ట్యాంకు నిండా ఉన్నా రెండు పైపులు పూర్తిగా వదిలితే కొద్ది నిమిషాల్లో ఖాళీ అవుతుంది. కారే ట్యాంకయితే చెప్పనక్కరలేదు. ఇవన్నీ నవ్వుతూనే చెబుతారు. ఒక్క సంగతి దగ్గర మాత్రం పెద్దాయన నవ్వు ఆగిపోతుంది.

(ఇది పాపసంకీర్తనంలో విన్న మాట కాదని ముందే చెప్పాలి. వేపచెట్టు కింద నలుగురి ముందు చెప్పినది. రాయమంటారా అని అడిగితే, "రాయండి ఫాదర్, పేరు మాత్రం వద్దు" అన్నారు. ఆ స్టేషన్ పేరు నేనూ రాయను.)

చాలా ఏళ్ల క్రితం. ఎండాకాలం, తెల్లవారుజాము. ఊరి చివర కొట్టాలు అంటుకున్నాయని ఫోను. అందరూ నిమిషంలో బండెక్కారు. బండి కదలలేదు. బ్యాటరీలో పస లేదు. కొత్త బ్యాటరీ కావాలని అప్పటికి మూడుసార్లు రాసి పంపారట. "దినామూ బండిని వాలులో నిలబెడ్తాంటిమి ఫాదర్, నూకితే అందుకుంటుందని. ఆ పొద్దు అందుకోల్యా." బజారులో సైకిళ్ల మీద పోతున్న పాలవాళ్లను కేకవేసి తోయించారు. బండి అందుకునేసరికి పది నిమిషాలు పోయాయి. చీటీలోని పాప ఆ కొట్టంలోని పాప.

"ఆ పది నిమిషాలు నావే" అన్నారాయన.

"మీ తప్పేముంది? బండిది గదా" అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూసి, "బండికి పాపసంకీర్తనం ఉండదు గదా ఫాదర్" అన్నారు.

పాఠకులారా, ఈ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ రాత్రి పాత నోటు పుస్తకాలు తీశాను. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు పునీత తోమాసు అక్వినాసు వేసుకున్న ఒక ప్రశ్న మాకు నవ్వు తెప్పించేది. తెల్లవారుజాము ప్రార్థనకు లేవవలసిన మఠవాసి నిద్రపోయాడు. నిద్రలో ఉన్నవానికి పాపం ఎలా అంటుతుంది? ఆ లోపం ఎప్పుడు మొదలైనట్టు? చేయవలసిన గడియ వచ్చినప్పుడే లోపం లోపమవుతుంది, కాని దాన్ని అతనిదిగా చేసే కారణం అంతకుముందే, అతడు మెలకువగా ఉన్నప్పుడే పుట్టింది అన్నది ఆయన సమాధానం. ఇరవై ఏళ్ల వయసులో అది మాకు మాటల లెక్కలాగా తోచింది.

ఇప్పుడు అలా తోచడం లేదు. బండి కదలనిది తెల్లవారుజామున. కారణం పుట్టినది పట్టపగలు, ఏదో బల్ల మీద, "వచ్చే బడ్జెట్లో చూద్దాం" అని ఒక కాగితం పక్కకు జరిగినప్పుడు. జరిపినవారు దుర్మార్గులని నేననను. ఆ కాగితం మీద బ్యాటరీ ధర మాత్రమే ఉంటుంది, పాప ఉండదు. అందుకే ఆయన ఇంటికి పోయి హాయిగా నిద్రపోగలడు. పాపను చూసినవాడే నిద్రలేక తిరుగుతాడు. తప్పు ఒకచోట పుట్టి, బాధ ఇంకొకచోట స్థిరపడుతున్నది. ఇది అన్యాయం కాదా?

బల్ల దగ్గర కూర్చున్నవారినే అంటే సరిపోదు. సందులోకి మెట్లు రెండడుగులు జరిపి కట్టుకున్నది మనమే. మలుపులో లారీ నిలిపేది మనవాళ్లే. ఓట్లకు వచ్చినవారిని రోడ్డు అడిగాం, బోరు అడిగాం, గుడికి ప్రహరీ గోడ అడిగాం. ఫైర్ బండి ఏ స్థితిలో ఉందని ఒక్కనాడూ అడగలేదు. నేనూ అడగలేదు. ప్రహరీ మాత్రం నేనే అడిగాను.

మంచి సమరీయుని కథ చెప్పేటప్పుడు మనం అతని మనసునే పొగడుతాం. అతని దగ్గర నూనె ఉంది, ద్రాక్షారసం ఉంది, రెండు నాణేలు ఉన్నాయి, గాయపడినవానిని మోయగల జంతువు ఉంది. ఆ జంతువు కుంటిదైతే? మనసు అదే, ప్రేమ అదే, కాని మనిషి సత్రం చేరేవాడు కాడు. ఫైర్‌మన్లను వీరులని దండలు వేయడం మంచిదే. అయితే దండ వేసి, బాకీ తీరిందనుకునే చేతిని మాత్రం నేను అనుమానిస్తాను.

2023 ఏప్రిల్ 1 నుండి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ కొనసాగదని కేంద్రం నిబంధన తెచ్చింది. ముసలి బండ్లకు విశ్రాంతి కావలసిందే. కాని బండి వయసు కాగితం చెబుతుంది, బండి సిద్ధంగా ఉందో లేదో ప్రతి పొద్దూ తాళంచెవి తిప్పితే గాని తెలియదు.

ఇక పెద్దాయన బాధ సంగతి. బెర్నార్డ్ విలియమ్స్ అనే ఇంగ్లండు తత్వవేత్త ఒక లారీ డ్రైవరును ఊహించుకోమన్నాడు. అతని తప్పేమీ లేకుండానే ఒక బిడ్డ అతని చక్రాల కింద పడింది. మనం అతణ్ణి ఓదారుస్తాం, ఓదార్చాలి కూడా. అయితే ఆ ఓదార్పు వినగానే అతడు తేలికపడిపోతే మనకే ఏదోలా ఉంటుంది. పెద్దాయనకు నేనిచ్చిన ఓదార్పు అలాంటిదే. ఆయన అడిగింది శిక్షా కాదు, క్షమా కాదు. ఆ పది నిమిషాలను ఎవరో ఒకరు తమవని ఒప్పుకోవాలి. ఎవరూ రాలేదు గనుక ఆయనే ఒప్పుకున్నారు.

ఈ సంవత్సరం చీటీలో ఒక కొత్త వరుస ఉంది. "బండి తోసిన పాలవాళ్లు" అని. వాళ్లు చనిపోయారా అని అడిగాను.

"తెల్దు ఫాదర్. ఉన్నా, లేకున్నా చదవండి" అన్నారు.

చదివాను.