అమ్మను ఎవరికి అప్పగింతుము?

(ధ్యానమునకు: యోహాను 19:25-27, మార్కు 7:9-13)



ఒక బుధవారపు రాత్రి గృహ ప్రార్థన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక సహోదరుడు అందరును వెళ్లువరకు నిలిచియుండి, "అయ్యగారూ, మా అమ్మను పట్నములో వృద్ధాశ్రమములో చేర్చితే తల్లిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞ మీరినట్లేనా?" అని నన్నడిగెను. నేను ఎక్కువ ఆలోచింపక, "కన్నతల్లిని పరుల చేతిలో పెట్టుట మనకు తగదు నాయనా. ప్రార్థన చేయుము, ప్రభువు ఓపిక ననుగ్రహించును" అని చెప్పి పంపివేసితిని. అతడు మారు పలుకక వెళ్లెను. అతని యిల్లు చూడకుండ నేనిచ్చిన ఆ జవాబును గూర్చియే ఈ మాసము వ్రాయుచున్నాను.

ఆ తల్లి నలువది ఏండ్లు మా స్త్రీల కూడికను నడిపినది. మొదట కూరలో ఉప్పు రెండుసార్లు వేసెను, ఇంటివారు నవ్విరి. పిమ్మట ఒక ఆదివారము గుడినుండి ఇంటికి వచ్చుచు దారి తప్పెను, అప్పుడెవరును నవ్వలేదు. ఇప్పుడు కుమారుని చూచి తన తమ్ముడనుకొనును. ప్రొద్దు గ్రుంకు వేళ, ఏబది ఏండ్ల క్రిందట మరణించిన తన తల్లి పిలుచుచున్నదని మూట కట్టుకొని బయలుదేరును.

ఆ ప్రశ్న అడిగిన రెండు వారములకు వేరొక పనిమీద ఆ యింటికి చాల ప్రొద్దుపోయి వెళ్లితిని. వరండాలో రెండు మంచములు ఒకదానినొకటి ఆనుకొనియున్నవి. ఒకదానిమీద ముసలమ్మ, రెండవదానిమీద కోడలు. ముసలమ్మ పైటకొంగు కోడలి మణికట్టుకు ముడివేసియున్నది. నేను చూచుట చూచి కోడలు సిగ్గుపడి లేచి, "కాలువ దగ్గరే గదండీ అయ్యగారూ, అత్తమ్మ లేచిందంటే నాకు తెలియాలి" అనెను. అట్లు రెండేండ్లనుండి! తెల్లవారిన తరువాత ఆమె మిరపకోతకు పోవలెను. కుమారులకు మేము చేయు ప్రసంగములను కోడండ్రు తమ చేతులతో నెరవేర్చుచున్నారు. ప్రసంగపీఠము మీద మేము ఈ మాట చెప్పుట అరుదు. ఓపిక కొరకు ప్రార్థించుమని చెప్పిన నాకు ఆ ముడి చూచిన పిమ్మట నిద్ర రాలేదు.

ఈ వ్యాధిని గూర్చి మన గ్రామములలో అనేక మాటలు వినబడుచున్నవి. కొందరు చాదస్తమందురు, కొందరు దయ్యమందురు, విశ్వాసము తప్పినందున వచ్చిన శిక్షయని మెల్లగా చెప్పుకొనువారును కలరు. అది మెదడు క్షీణించు జబ్బు. వైద్యులు డిమెన్షియా అందురు. దానిలో ముఖ్యమైన రకమును 1906 లో జర్మనీ దేశపు వైద్యుడు అలోయిస్ ఆల్జైమర్ వివరించెను గనుక దానికి ఆయన పేరు వచ్చినది. మన దేశమున అరువది యేండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి ఈ వ్యాధి యున్నదని 2023 లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసెను. పట్టణములకంటె గ్రామములలోనే ఎక్కువ. మరియొక సంగతి: మతిమరుపంతయు ఇది కాదు. థైరాయిడ్ లోపము, బి12 విటమిను లోపము, మనోవ్యాకులము, మూత్రపు ఇన్‌ఫెక్షను కూడ ముసలివారిని ఇట్లు తికమక పెట్టగలవు, వాటికి చికిత్స కలదు. కావున ఏ ఆశ్రమపు గడప ఎక్కకముందే వైద్యుని గడప ఎక్కవలెను.

యెషయా 49:15 మనము తల్లిప్రేమను గూర్చి ఎన్నోసార్లు విన్న వాక్యమే. తల్లి తన చంటిబిడ్డను మరచునా అని ప్రభువు అడుగుచున్నాడు; ఒకవేళ ఆమె మరచినను తాను మరువనని చెప్పుచున్నాడు. ఆ 'ఒకవేళ' అను మాటను నేను చాలకాలము మాటవరుసకు అన్నదిగా చదివితిని. ఈ వ్యాధి యున్న యింట అది నిజముగా జరుగుచున్నది. తల్లి మరచినది. అట్టి యింట సన్మానమనగా ఏమి?

నిర్గమకాండము 20:12 లో సన్మానించుమని మనము చదువుచోట హెబ్రీ భాషలో 'కబ్బేద్' అని యున్నది. దాని మూలములో బరువు అను అర్థము కలదు. తల్లిదండ్రులను తేలికగా ఎంచవద్దు, బరువుగల వారినిగా ఎంచుమని ఆజ్ఞ. ఏ కప్పు క్రింద ఎంచవలెనో అక్కడ చెప్పబడలేదు. మన ఊళ్లలో మనము కప్పునే చూచుచున్నాము. ముసలితల్లి ఇంటిలో నున్న చాలును, కుమారుడు మంచివాడు. ఆమె పశువుల పాక ప్రక్క గదిలో రోజంతయు తలుపు గడియవేసి యుంచబడినను, వేళకు అన్నము లేకున్నను, సంఘము అడుగదు. ఆశ్రమములో చేర్చిన వానిని మాత్రము నలుగురిలో నిలువబెట్టుదుము.

అట్లని చేర్చుట తేలికయని నేననుట లేదు. మార్కు 7వ అధ్యాయములో ప్రభువు గద్దించిన కొర్బాను ఏమి? తల్లిదండ్రులకు ఇయ్యవలసినది దేవునికి అర్పితమని ఒక మాట పలికి, ఆ మాటతో చేతులు కడుగుకొనుట. నెలనెలా రుసుము కట్టి, రసీదు బీరువాలో దాచి, ఆరు నెలలకొకసారి పోయి చూచువాడు కొర్బాను పలికినవాడే. ఊరివారి నోటికి జడిసి తల్లిని ఇంటనుంచి, ఆమె భారమంతయు భార్యమీద వేసి, రాత్రి తాను గాఢనిద్ర పోవువాడును కొర్బానే పలుకుచున్నాడు.

ఇక యోహాను 19. ప్రభువు సిలువమీద నుండి తన తల్లిని ప్రియ శిష్యునికి అప్పగించెను. ఆయనకు సహోదరులుండిరని మార్కు 6:3 చెప్పుచున్నది. అయినను తల్లి వేరొక యింటికి వెళ్లెను. "పరుల చేతిలో పెట్టుట తగదు" అని చెప్పిన నాడు ఈ భాగము నాకెందుకు జ్ఞాపకమునకు రాలేదో నేనెరుగను. అయితే ఆయన ఎట్లు అప్పగించెనో గమనింపుడు. ఆమెకు అతనిని కుమారునిగా, అతనికి ఆమెను తల్లిగా చూపించెను. ఇల్లు చూపకముందు మనిషిని చూపించెను. ఆశ్రమమును ఎంచువారు మొదట చూడవలసినది అదేనని నాకు తోచుచున్నది. ఆ యింటిలో మన తల్లిని ఎరుగు మనిషి ఎవరు?

నేనును ఆ సహోదరుడును రెండు ఆశ్రమములు చూచి వచ్చితిమి. మొదటిదాని బోర్డు మీద సిలువ గుర్తు, గోడలమీద వాక్యములు, అద్దమువంటి నేల. పగలు పదకొండు గంటల వేళ పదిహేనుమంది వృద్ధులు టెలివిజను ఎదుట కుర్చీలలో కూర్చుండి తలలు వాల్చి నిద్రించుచుండిరి. అంతమంది ఒక్కసారిగా ఆ వేళ నిద్రించుట నాకు వింతగా తోచెను. కిటికీ దగ్గరనున్న పెద్దాయన పేరేమని అడిగితే మేనేజరు రిజిస్టరు తెరచి చూచి, "ఏడో నంబరు బెడ్డండీ" అనెను. రాత్రి ఏ మందులిచ్చెదరని అడిగితే డాక్టరుకు తెలియుననెను. ఉద్రేకమణచు కొన్ని మందులు ఈ వ్యాధిగల వృద్ధులలో మరణాపాయమును పెంచునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005 లోనే హెచ్చరించినది. వైద్యుడు అవసరమని ఎంచి, మోతాదు చూచుచు ఇచ్చుట వేరు, పనివారి సౌకర్యము కొరకు ఇచ్చుట వేరు. బోర్డు మీది సిలువను చూచి ఈ ప్రశ్న మానుకొనకూడదు.

రెండవది పాత పెంకుటిల్లు. గడప దాటగానే ఫినాయిలు వాసన. ఎవరో పెద్దగా పాడుచుండిరి, వేరొకరు వారిని తిట్టుచుండిరి. సహోదరుని ముఖము చిన్నబోయెను. కాని అక్కడ ఒక ఆయా ఒక ముసలమ్మను నిటారుగా కూర్చుండబెట్టి, ముద్ద మ్రింగినదా లేదా అని గొంతువైపు చూచుచు, నెమ్మదిగా అన్నము పెట్టుచుండెను. ఈ వ్యాధి ముదిరినవారికి అన్నము ఊపిరితిత్తులలోనికి పోయి న్యూమోనియా వచ్చుట కలదు, అందుచేత తొందర పనికిరాదు. "పెద్దమ్మ టీచరుగా చేసిందండీ. చేతిలో సుద్దముక్క పెట్టితేనే తింటుంది" అని ఆయా చెప్పెను. ముసలమ్మ ఎడమచేతిలో సుద్దముక్క ఉండెను.

అక్కడి మేనేజరమ్మ మాకు గదులు చూపకమునుపు గంటసేపు మమ్ములనే ప్రశ్నించెను. మీ అమ్మ ఎన్ని గంటలకు లేచును? ఎటు తిరిగి పండుకొనును? చీకటి భయమా? ఏ పాటలు వచ్చును? మాట పోయినవారికి సహా చిన్ననాటి పాటలు చాలకాలము నిలుచునని ఆమె చెప్పెను. మా ముసలమ్మ విషయములో అది నిజమని మేమెరుగుదుము. అయితే ఆ యింటిలోను లోపములుండెను. రాత్రివేళ పన్నెండుమందికి ఒక్క ఆయా. ఆసుపత్రి దూరము. పడిపోయినవారున్నారా అని అడిగితే, "ఉన్నారండీ, పోయిన ఏడు ఇద్దరు" అని ఎప్పుడు ఎట్లు పడిరో చెప్పెను. పడలేదని చెప్పినట్లయితే నేను నమ్మకపోయెడివాడను. సాయంకాలము మరల వచ్చి చూడవచ్చునా అని అడుగగా, "చెప్పకుండా రండి" అనెను. ఆరు గంటలకు వెళ్లితిమి. ఈ వ్యాధివారికి ఆ వేళ కలవరము హెచ్చును. ప్రహరీగోడ లోపలి పెరటిలో ముగ్గురు ఇటునటు నడచుచుండిరి, ఎవరును వారిని కట్టివేయలేదు. మంచమునుండి లేవలేని ఒకామెను ప్రక్కకు త్రిప్పుచు వీపున పుండ్లు పడినవేమోనని చూచుచుండిరి.

డబ్బు సంగతి, కాగితముల సంగతి సిగ్గుపడక అడుగవలెను. రుసుము ఆగిపోయిన నాడు ఏమి చేయుదురు, జబ్బు ముదిరిన నాడు ఉంచుకొందురా, మరణించిన నాడు దేహము మన సమాధుల తోటకు ఎట్లు చేరును అను వాటిని వ్రాతలో పుచ్చుకొనవలెను. చట్టము కూడ తెలిసికొనుడు. 2007 లో చేసిన తల్లిదండ్రుల పోషణ చట్టము ప్రకారము వృద్ధులను విడిచివేయుట నేరము. చూచుకొందుమను షరతుతో ఆస్తి వ్రాయించుకొని చూడని యెడల ఆ దస్తావేజును రద్దు చేయుటకు ట్రిబ్యునలుకు అధికారము కలదు.

ఇంత చూచి వచ్చిన తరువాత కూడ ఆ సహోదరుడు తల్లిని చేర్చలేదు. బస్సులో అతడు అడిగిన మాట ఇది: "అమ్మకు ఇష్టమో కాదో ఎట్లా తెలుస్తుందయ్యగారూ?" 2 సమూయేలు 19లో బర్జిల్లయిని దావీదు రాజు యెరూషలేమునకు రమ్మని, తనయొద్ద నుంచుకొని పోషింతునని పిలిచెను. ఎనుబది యేండ్ల ఆ వృద్ధుడు తనకు రుచి తెలియదనియు, పాట వినబడదనియు చెప్పి, తన ఊరిలో తల్లిదండ్రుల సమాధియొద్ద చనిపోనిమ్మని వేడుకొనెను. రాజగృహము ఎంత మంచిదైనను ఆయనకు వలదు, దావీదు బలవంతపెట్టలేదు. బర్జిల్లయి చెప్పగలిగెను. మా ముసలమ్మ చెప్పగల దినములలో ఆమెను ఎవరును అడుగలేదు. మన యిండ్లలో ఇంకను అడుగదగిన వారున్నారు. ఆ మాట ఎత్తుట అపశకునమని మనము ఊరకుందుము.

అపొ. కార్యములు 6లో విధవరాండ్రు నిర్లక్ష్యము చేయబడుచున్నారను ఫిర్యాదు రాగా ఆదిసంఘము ఏడుగురిని ఏర్పరచెను. నేను ఈ సంగతి స్త్రీల కూడికలో చెప్పితిని. వారానికి మూడు రాత్రులు వంతులవారీగా ఇద్దరు స్త్రీలు ఆ వరండాలో పండుకొనుటకు ఒప్పుకొనిరి. మొదటి రాత్రి కోడలు ఇంటిలోపల తలుపు వేసికొని తెల్లవారి ఎనిమిది గంటలవరకు నిద్రపోయెనట. అది ఎనిమిది నెలలు సాగెను. తరువాత నాట్లు వచ్చెను, కొందరు వలస వెళ్లిరి, వంతులు తప్పెను. ఒక మధ్యాహ్నము కోడలు పొలములో సొమ్మసిల్లి పడిపోయెను. ఆ నెలలోనే ముసలమ్మను ఆ రెండవ యింటికి తీసికొనిపోయితిమి. కుమారుడు ఆమె పాత దుప్పటిని, కీర్తనల పుస్తకమును, ఆమె జీవితము వ్రాసిన రెండు కాగితములను ఆ ఆయా చేతికిచ్చెను. ఊరిలో అనినవారు అనిరి. ఈసారి నేను వారితో మాటలాడితిని.

అతడు ప్రతి శనివారము వెళ్లుచున్నాడు. రానుపోను బస్సు ఛార్జీలు, ఒక దినపు కూలి నష్టము. తాను వెళ్లినది ఆమెకు మరునాటికి జ్ఞాపకముండదు గదా అని ఒకరు అడిగితే, "నాకుంటుంది" అనెను.

పోయిన శనివారము నేనును వెంట వెళ్లితిని. ముసలమ్మ పెరటిలో అరుగుమీద కూర్చుండి యుండెను. ముఖము తేటగా నుండెను. కుమారుని చాలసేపు చూచి, "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగెను. అతడు తన పేరు చెప్పెను.

"మా పెద్దోడి పేరూ అదే" అని ఆమె ఎంతో సంతోషించెను.

"ఔనమ్మా" అని అతడు ప్రక్కన కూర్చుండి, వెంట తెచ్చిన అరటిపండు ఒలిచి ఆమె చేతిలో పెట్టెను.