పోతలోని సత్యము

పరులు చేసిన వస్తువును శంకించుట లోకమునకు సహజము. తాము చేసినదానిని శంకించువా రరుదు. స్వకృత్యమును పరీక్షించుకొనుటయే ధర్మమునకు మొదటి మెట్టని మా యభిప్రాయము. రైలుమార్గములకు వలయు లోహభాగములను పోయు పోతశాల లిందుకు నిదర్శనములు.

కరగిన లోహమును అచ్చులో పోసినప్పుడు గాలి చిక్కుకొనినచో, చల్లారిన పిదప లోపల బొఱ్ఱియలు నిలిచిపోవును. పైభాగము నున్నగానే యుండును. లోపము బరువు పడిన దినమునగాని బయటపడదు.

స్కాట్లండులో టే నదిమీద 1878వ సంవత్సరమున తెఱువబడిన రైలువంతెన స్తంభములు పోతయినుముతో చేయబడినవి. వానిని పోసినది రైలు కంపెనీ కాదు. వంతెన కట్టిన గుత్తదారు నదియొడ్డున పెట్టిన పోతశాల. అచట స్తంభములలోని బొఱ్ఱియలను మైనము, గుగ్గిలము, ఇనుపరజను, దీపపుమసి కలిపిన ముద్దతో పూడ్చి మఱుగుపఱచిరని పిమ్మట జరిగిన విచారణలో తేలినది. 1879 డిసెంబరు 28వ తేదీ రాత్రి పెనుగాలికి వంతెన నడిమిభాగము కూలెను. దానిపై నడచుచున్న రైలుబండిలోని వా రొక్కరును బ్రతుకలేదు. గాలియొత్తిడిని తగినట్లు లెక్కింపకుండుట మొదలగు కారణములు పెక్కులు గలవు గనుక, మైనమే వంతెనను కూల్చెనని మేమనము. అయినను బొఱ్ఱియను చూచి దాచిన చేయి నిర్దోషమని యెవ్వరనగలరు?

రైలుమార్గమువారే పోతశాలను పెట్టుకొనినచో నీ మోసముండదని కొంద ఱందురు. ఇది సగము నిజము. లాభాపేక్ష తగ్గును, కాని దానిచోట స్వాభిమానము ప్రవేశించును. గుత్తదారుని తప్పును పట్టుకొనువాడు తనవాని తప్పును మన్నించును.

ఈ సంగతి నెఱిగి నడచుటయే వివేకము. మన రైల్వేశాఖ బెంగుళూరు చెంతనున్న యెలహంకలో 1984వ సంవత్సరమున తనదైన చక్రముల కార్ఖానాను నెలకొల్పినది. అరిగిన చక్రములను, ఇరుసులను విద్యుత్తు కొలుములలో కరగించి, ఆ యుక్కును గాలియొత్తిడిచే క్రిందినుండి గ్రాఫైటు అచ్చులలోని కెక్కించి క్రొత్త చక్రములు పోయుదురు. కార్ఖానా తనది, బండి తనది, పనివారు తనవారు. అయినను నమ్మి విడువరు. చెవికందని నాదమును చక్రములోనికి పంపి లోపలి గుల్లను, అయస్కాంతశక్తితో పైపగుళ్లను వెదకుదురు. ఇట్టి పరీక్ష పనివారి కవమానము కాదు. ఎన్నడును ముఖము చూడని ప్రయాణికునిపట్ల వారి ఋణము. పనికిరాని చక్రము తుక్కులో చేరి మరల కరగును. లోహమునకు నష్టము లేదు.

మన గృహములలో నీ పరీక్ష యేది? అత్తవారింట హింసపడి వచ్చిన కుమార్తెను, పరువు పోవునని బుజ్జగించి మరల నచటికే పంపు తండ్రి, బొఱ్ఱియలో మైనము కూరుచున్నవాడు గాడా? ఆయనకు బిడ్డపై ప్రేమ లేక కాదు. తాను కుదిర్చిన సంబంధము చెడ్డదని యొప్పుకొన జాలకయే. బయటివారు నున్ననితనమును చూచి మెచ్చుకొందురు. బరువు మాత్ర మా బిడ్డమీద పడును.