పొడుచు ఎద్దును, చూపులేని వలయు

ధ్యానమునకు: నిర్గమకాండము 21:28, 29, మత్తయి 13:47, 48



ఖాజీపేట మొదలుకొని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వరకు మన సంఘములు సముద్రమునకు దూరముగా నున్నవి. మన పెన్నేరు నెల్లూరు జిల్లాలో సముద్రమును చేరుచున్నను, మనలో అనేకులు దానిని చూచియుండరు. అయినను అక్కడ జరుగు ఒక సంగతిని ఈ నెల ధ్యానించుదము. ఏలయనగా అది మన పొలములోను, మన పశువుల కొట్టములోను పుట్టు ప్రశ్నయే: తాను కోరని హానికి మనుష్యుడు ఎంతవరకు బాధ్యుడు?

విశాఖపట్నము రేవునుండి మరపడవలు రొయ్యల వేటకు వెళ్లును. ట్రాల్ వల యనునది పెద్ద సంచి వంటిది. దానిని పడవ వెనుక కట్టి, సముద్రపు అడుగున గంటల తరబడి ఈడ్చెదరు. రొయ్య చిన్నది గనుక వల కన్నులును చిన్నవి. కాబట్టి రొయ్యలతోకూడ చేపపిల్లలు, పీతలు, అప్పుడప్పుడు తాబేళ్లును చిక్కును. వలకు కన్నులు వేలకొలది యున్నను చూపు లేదు.

1980 దశకములో అక్కడి పెద్ద ట్రాలర్లు వారముల తరబడి సముద్రముమీదనే యుండెడివి. సరుకు నిలువచేయు చల్లని గదిలో చోటు కొంచెము. విదేశములకు పోవు రొయ్యకు ధర యెక్కువ. అందుచేత రొయ్యను ఉంచుకొని, తక్కిన చేపలలో చాల భాగమును సముద్రములోనే పారవేసెడివారు. లోతునుండి లాగబడి, ఒకదానిక్రింద నొకటి నలిగి, ఎండకు వాడిన చేపను తిరిగి నీట వేసినను సాధారణముగా బ్రదుకదు. తాబేలు మనవలె గాలి పీల్చునది. వలలో చిక్కి పైకి రాలేక ఊపిరాడక చచ్చును. ఐక్యరాజ్యసమితివారి ఆహార వ్యవసాయ సంస్థ 2019లో ప్రకటించిన అంచనాప్రకారము, 2010 మొదలు 2014 వరకు లోకమంతట ఏటేట సుమారు 91 లక్షల టన్నుల జలజీవులు ఇట్లు పారవేయబడినవి. అందులో సగమునకు కొంచెము తక్కువ, అడుగున ఈడ్చు వలలలో పడినవే.

చేపపిల్లను చంపవలెనని ఎవడైన వల వేయునా? వేయడు. "నేను కోరలేదు" అనుమాట నిజమే. ఆ మాట చాలునా?

మోషే ధర్మశాస్త్రములో పొడుచు ఎద్దునుగూర్చిన విధి కలదు. ఎద్దు మొదటిసారి మనుష్యుని పొడిచి చంపినయెడల ఎద్దు చంపబడును, యజమానుడు నిర్దోషి. అది పొడుచునదని అతనికి ముందే తెలుపబడియు, అతడు దానిని భద్రముచేయనియెడల దోషము అతనిమీదికి వచ్చును. రెండవ సంగతిలోను అతడు ఎవరి చావును కోరలేదు. అయితే అప్పటికి అతనికి తెలియును. తెలిసిన తరువాత "కోరలేదు" అనుమాట అతనిని కాపాడదు.

వల ఏమి చేయునో నేడు అందరికి తెలియును. కట్టుటకు పలుపును దొరికినది. వల మెడలో ఏటవాలుగా ఇనుపకమ్ముల చట్రము అమర్చినయెడల, రొయ్యలు కమ్ముల సందున పోవును. తాబేలు చట్రమునకు తగిలి ప్రక్కనున్న ద్వారమున బయటపడును. మన తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. అయితే చట్రపు ద్వారమున కొంత పట్టుబడి జారిపోవునని వేటగాండ్లు చెప్పుదురు. డీజిలు అప్పులో నున్నవానికి అది చిన్న నష్టము కాదు. కాబట్టి కూలికి పోవు కళాసీని మనము నిందింపరాదు. ధర్మశాస్త్రము లెక్క అడిగినది పశువులు కాయు పిల్లవానిని కాదు, యజమానునినే. పడవ గలవారును, వర్తకులును, కొని తినువారును ఆ నష్టములో పాలు పంచుకొనవలెను.

ఇప్పుడు మన తీరమున ఆ చిన్నచేపలను చాలవరకు ఒడ్డునకు తెచ్చి, కోళ్ల మేతకును రొయ్యల మేతకును పొడిచేయుటకు అమ్ముచున్నారు. "ఇక వ్యర్థమేమున్నది? ప్రభువు కూడ మిగిలిన ముక్కలను పోగుచేయించెను గదా" అని కొందరందురు. ఆయన పోగుచేయించినది జనులు తృప్తిగా తినగా మిగిలినది. చేపపిల్ల మిగులు కాదు, విత్తనము. విత్తనపు వేరుసెనగను గానుగ ఆడించి, నూనె వచ్చినది గనుక వ్యర్థము కాలేదని మన రైతు అనునా? పైగా ధర పలికినదానిని విడిచిపెట్టుట మరింత కష్టము.

మరి వల ఉపమానములో చెడ్డవాటిని బయట పారవేసిరి గదా యని అడుగవచ్చును. ఆ ఉపమానము యుగసమాప్తియందలి తీర్పునుగూర్చినది. చేపల వేటకు విధి కాదు. ఆ వేరుచేయు పనియు దేవదూతలదే గాని మనది కాదు.

మన చేతిలోను వల యున్నది. పొద్దుతిరుగుడు పూతమీద పురుగు చావవలెనని మందు కొట్టుదుము; తేనెటీగయు చచ్చును. తెలియనినాడు అది మొదటి పోటు. పగలు ఈగలు పూలమీద వ్రాలునని తెలిసిన తరువాత, సాయంకాలమువరకు ఆగుటయే మన పలుపు.

నరుని సృజింపకముందే దేవుడు జలచరములను ఆశీర్వదించి, సముద్రమును నింపుమనెనని ఆదికాండము మొదటి అధ్యాయము తెలుపుచున్నది. ఆ ఆశీర్వాదము మన వలకంటె పూర్వమైనది. మనకు తెలిసినదానికి తగినట్టు నడచుకొను మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక.