ప్యాకేజీకి ప్రమాణం ఏది?
డెబియన్ అనే లినక్స్ పంపిణీలో సొంత ప్రోగ్రామును ప్యాకేజీగా కట్టాలంటే సోర్సు కోడు పక్కన 'డెబియన్' అనే ఫోల్డరు పెట్టాలి. పేరు, ఆధారపడే లైబ్రరీలు కంట్రోల్ ఫైల్లో, కట్టే పద్ధతి రూల్స్ ఫైల్లో రాసి బిల్డు కమాండు ఇస్తే కాసేపటికి డెబ్ ఫైలు తయారవుతుంది. రాసినవాడికి తన కోడులో ప్రతి వరుసా తెలుసు. బయటికొచ్చిన ఫైల్లో ఉన్నవి ఆ వరుసలేనని అతనికెలా తెలుసు?

ఇలాంటి పేచీ మీమాంసకులకూ నైయాయికులకూ శతాబ్దాల పాటు నడిచింది. కుమారిలభట్టుది స్వతఃప్రామాణ్య పక్షం: కాదనేది (బాధకం) ఎదురయ్యేదాకా కలిగిన జ్ఞానం తనంతట తానే ప్రమాణం. రుజువు బయటినుంచి రావాలన్నారు నైయాయికులు. ఆ రుజువుకు మరో రుజువు, దానికింకొకటి కావాలిగా, అది అనవస్థ అని మీమాంసకుల ఆక్షేపణ. దానికి న్యాయం చూపిన దారి ఫలితం: నీళ్లనుకుని వెళ్లినవాడికి దాహం తీరితే అవి నీళ్లే.

యునిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన కెన్ థాంప్సన్ సరిగ్గా అక్కడే గండి కొట్టాడు. (ఆయన ఈ గొడవ విని ఉండడు లెండి.) 1984లో అచ్చయిన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో ఆయన చూపిన కంపైలరు, లాగిన్ ప్రోగ్రామును కంపైల్ చేసేటప్పుడు గుట్టుగా ఒక దొంగదారి పెడుతుంది. తన కొత్త రూపాన్ని తయారు చేయిస్తే ఆ బుద్ధిని దానికీ ఎక్కిస్తుంది. తర్వాత సోర్సులో ఆ వరుసలు చెరిపేసినా దొంగదారి పోదు. ప్రోగ్రాము మాత్రం చక్కగా పనిచేస్తుంది. దాహం తీరుతుంది, నీళ్లలో విషం ఉంటుంది.

2013లో డెబియన్ వాళ్లు సాక్ష్యాల దారి పట్టారు. వేర్వేరు యంత్రాల మీద కట్టినా ఒకే సోర్సు నుంచి బిట్టు తేడా లేని ఫైలు రావాలి; అప్పుడు ఒక యంత్రానికి ఇంకోటి సాక్షి. అడ్డం పడ్డవి చూస్తే నవ్వొస్తుంది: ఫైల్లో అచ్చుపడే కట్టిన సమయం, డిస్కు మీంచి ఫైళ్లు చదివే వరుస.

అయితే సోర్సే కల్తీదైతే సాక్షులంతా ఒక్కమాట మీదే ఉంటారు. 2024 మార్చిలో బయటపడిన, ఎక్స్‌జెడ్ అనే కుదింపు ప్రోగ్రాము ఉదంతం అదే. విడుదలైన సోర్సు మూటలో (టార్‌బాల్) గిట్‌లో లేని స్క్రిప్టు ఒకటి దూరి, దొంగదారిని లైబ్రరీలోకి ఎక్కించింది. డెబియన్ టెస్టింగ్ దాకా వచ్చిందది. పట్టుకున్నది ఏ తనిఖీ వ్యవస్థా కాదు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం కావడం ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకు అనుమానం తెప్పించింది. మీమాంసకులు చెప్పినట్టే, బాధకం ఎదురైనప్పుడే నమ్మకం తెగింది. కానీ ఆ అర సెకను లేకపోతే?

థాంప్సన్ చూపిన కంపైలరు సంగతి గ్విక్స్ అనే మరో పంపిణీ వాళ్లు ఇంకో కొసనుంచి పట్టుకున్నారు. 2023లో 357 బైట్ల విత్తనం నుంచి మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా జీసీసీ కంపైలరు దాకా అన్నీ సోర్సు నుంచే కట్టి చూపారు. అంత చిన్నదాన్ని మనిషి కూర్చుని చదవగలడు. ఆ పనంతా నడిపించిన గైల్ ప్రోగ్రాము, కింద ఉన్న కెర్నెలు మాత్రం అంతకుముందే కట్టిపెట్టుకున్న బైనరీలు.