మరమ్మతు – మమకారము

పాత వస్తువును బాగుచేసికొని వాడుకొనుట పొదుపనియు, పారవైచి క్రొత్తది కొనుట దుబారా యనియు పెద్దలు చెప్పుదురు. ఆ మాట గొడుగునకును, నాగటికిని, గోడ గడియారమునకును చక్కగా సరిపోవును. మోటారు కారు విషయములో మాత్రము కొంత విచారింపవలసి యున్నది. ఏలయన, ఒక పాత కారును బ్రతికించుటకై అదే రకపు మరియొక పాత కారును కొని, విప్పి, దాని భాగములను దీనికి బిగించు పద్ధతి యొకటి కలదు. ఇది పొదుపా, లేక పొదుపు పేరు పెట్టుకొన్న కోరికయా?

నెల్లూరునకు తూర్పున ఇందుకూరుపేటలో ఒక గృహస్థుడున్నాడనుకొందము. తండ్రి కొనిన అంబాసిడరు కారు ఆయన ముంగిట నున్నది. ఉత్తరపారాలోని హిందుస్థాన్ మోటార్సు కర్మాగారమున ఆ కారు తయారీ 2014 మే నెలలో నిలిచిపోయినది. అర్ధశతాబ్దికి పైగా వెలువడిన బండి కావున భాగములు బొత్తిగా దొరకకపోవు. కాని మంచి గేరుబాక్సు, తుప్పులేని తలుపు కావలెనన్నచో నాలుగూళ్లు తిరుగవలసినదే. అట్టి సమయమున షెడ్డులోని మేస్త్రి, "అయ్యా, ఇటువంటి బండియే ఒకటి అమ్మకానికున్నది. అది తెచ్చుకొన్నచో మీకిక పదేండ్లు చింత లేదు" అనును.

బండి ధర 35,000 రూపాయలు, లారీపై తెచ్చుటకు 6,000 అనుకొందము. కావలసినవి మూడే: గేరుబాక్సు, ఎడమ తలుపు, సెల్ఫు మోటారు. విడిగా కొన్నచో ఇవి 20,000 దాటవనుకొందము. గృహస్థుడు కాగితము తీసికొని ఇంజను, రేడియేటరు, చక్రములు, దీపములు, సీట్లు, అద్దములు వరుసగా వ్రాసి, ఒక్కొక్కదానికి వెల కట్టి 90,000 తేల్చును. "నలుబదొక్క వేలు పెట్టి తొంబది వేల సామాను తెచ్చితిని" అని యింటివారికి చెప్పును.

కూడికలో తప్పు లేదు. కాని వస్తువునకు వెల వచ్చుట అవసరమును బట్టియే. కొనువాడు లేని రేడియేటరునకు కట్టిన వెల కాగితము మీదనే యుండును. బండిని విప్పిన మేస్త్రికి ఇచ్చిన కూలి, దానిని నిలిపిన చోటు, ఆయన తిరిగిన దినములు ఆ కాగితమున కెక్కనే లేదు. అంతకంటె సూక్ష్మమైన పొరపాటు మరియొకటి. "నిరుడు ఇంజనుకు అరువది వేలు పెట్టితిని, ఇప్పుడు వదలినచో అదియంతయు వ్యర్థమే కదా" అనును. బండిని ఉంచినను, అమ్మినను, ఆ అరువది వేలు తిరిగి రావు. విచారింపవలసినది నేటినుండి పెట్టబోవు రూపాయికి ఏమి లభించునన్నదే. మరమ్మతు ఖర్చులకు ఒక వింత స్వభావము కలదు. మొదటి ఖర్చు రెండవదానికి సాక్షి యగును, ఆ రెండును కలిసి మూడవదానికి పూచీ పడును.

సముద్రతీరమున ఈ విచారణ మరింత అవసరము. మైపాడు తీరము ఇందుకూరుపేట మండలములోనిదే. ఉప్పుతో కూడిన తేమగాలి ఇనుమును త్వరగా తినివేయును. అంబాసిడరునకు లారీవలె వేరుగా చట్రము లేదు; పైకప్పు, నేల, తలుపుల క్రింది దూలములు అన్నియు కలిసి బరువును మోయును. ఆ దూలములే తుప్పు పట్టినచో పైన ఎన్ని తలుపులు మార్చినను బండి బలపడదు. భాగముల కొరకు తెచ్చిన బండియు ఈ తీరమున నిలిచినదే యైనచో దానికిని ఇదే రోగము. అనంతపురమువంటి మెట్టప్రాంతపు బండి రేకు కొంత మేలు. ఇక బ్రేకు గొట్టములు, రబ్బరు వాషర్లు మొదలైనవి నిలిచియున్నను కాలముచేత పాడగును. వానిని ఒక బండినుండి ఊడదీసి మరియొక దానికి వేసి పిల్లలనెక్కించుకొని పోవుట పొదుపు కాదు, సాహసము.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ శరణుల కుటుంబములలో తెలియనివారుండరు. నేల రాలిన బియ్యమేరుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు, మిగిలినవానిని తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. ఆ బియ్యము దొంగసొత్తు కాదు, వెల పెట్టి కొన్నదియు కాదు. అయినను అవసరమునకు మించినది ఇంటికెందుకని ఆమె యడిగినది. మూడు భాగముల కొరకు ఒక బండినంతయు తెచ్చినవాని యింటను ఈ ప్రశ్న వినిపింపవలెను. కుటుంబపు డబ్బు ఒక్కరిది కాదు. భార్య చేతికి చీటీ డబ్బు, కుమార్తె చదువునకు జీతము అందులోనివే. తొంబది వేల కాగితము చూపి వారినొప్పించుట, వారిని అడుగకుండ తీసికొనుటకంటె కొంచెమే మెరుగు.

అట్లని గృహస్థుని పక్షమున మాట లేకపోలేదు. ఉన్న బండిని నిలుపుకొన్నచో క్రొత్తదాని కొరకు గని త్రవ్వి, ఇనుము కరగింప నక్కరలేదు. కొన్ని భాగములు విడిగా ఎంత వెదకినను దొరకవు. అప్పుడు బండినంతయు కొనుటయే మార్గము కావచ్చును. అయితే ముందుగా వెదకవలెను. విజయవాడ ఆటోనగరున, చెన్నై పుదుప్పేటలో పాత బండ్ల భాగములు విడిగా అమ్ముదురు. నెల్లూరునుండి రెండు పట్టణములకును రైలున్నది. ఒక దినపు ప్రయాణముతో తీరు పనికి ఒక బండిని కొననేల?

అన్నిటికంటె బలమైన కారణము ఆయన కాగితమున వ్రాయనిదే. అది తండ్రి బండి. మిలింద రాజుతో నాగసేనుడు రథమును గూర్చి చేసిన సంవాదము ప్రసిద్ధము: ఇరుసు రథమా, చక్రము రథమా అని యడిగి, ఏ యొక్కటియు రథము కాదనిపించెను. సగము భాగములు మారిన కారు తండ్రి కారేనా యని తర్కించినచో ఇదే చిక్కు. కాని ఆ గృహస్థుడు ఉదయమున తలుపు తీసి కూర్చుండునప్పుడు ఈ తర్కము పనిచేయదు. మమకారము దోషమని అనవలసిన పని లేదు. దానిని లాభముగా చూపుటయే చిక్కు. "ఇది లాభము కాదు, నాన్నగారి గుర్తు, ఏడాదికి ఇంత ఖర్చగును, మీకు సమ్మతమేనా" అని యింట అడిగినచో, వారు కాదనుటకో, ఔననుటకో వీలుండును. బహుశః ఔననియే అందురు.

అప్పటికి రెండవ బండిని తెచ్చియేయున్నచో మిగిలిన పనియు సగములో వదలరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, శాశ్వతముగా వాడుకకు పనికిరాకపోయిన వాహనమును గూర్చి యజమాని రిజిస్ట్రేషను అధికారికి తెలిపి పత్రమును అప్పగింపవలెను. ఆ పత్రము బీరువాలో మిగిలినచో ఎప్పటికైనను ఎవరిచేతనైనను దుర్వినియోగము కావచ్చును. ఇంజనే మార్చినచో ఆ సంగతియు నమోదు చేయింపవలెను. నెల్లూరు సీమలో పెద్ద వానలు అక్టోబరునుండి పడును. పెరటిలో పట్టా కప్పి విడిచిన సామాను ఆ వానలకు, ఉప్పుగాలికి ఒక్క ఏడాదిలోనే సగము విలువ కోల్పోవును. కావున తనకక్కరలేని రేడియేటరును, అద్దములను, చక్రములను వానలకు ముందే ఊడదీసి తుడిచి, అటువంటి బండి గల మరొకరికి, తెచ్చిన ఖర్చునకు మించకుండ ఇచ్చివేయవచ్చును.