ఇంటి ఎలుక - గృహస్థ ధర్మము

ధర్మసూక్ష్మము రాజసభలలోను, ముని ఆశ్రమములలోను మాత్రమే ఎదురగునని తలంచుట పొరపాటు. అది వంటింటి మూలలో, పప్పుల కుండ వెనుక, అర్ధరాత్రి వేళ ఒక చిన్న చప్పుడుగా గూడ వినవచ్చును. ఆ చప్పుడు ఎలుకది. దీపము తీసికొని లేచిన గృహస్థుని చేతిలో కర్ర యుండును, మనస్సులో సందేహ ముండును. కొట్టవలెనా? విడువవలెనా? చిన్న ప్రాణి విషయమే గదా యని ఈ ప్రశ్నను త్రోసివేయుట సులభము. కాని చిన్న ప్రాణి విషయమున మనము నడచుకొను తీరే మన దయకు నిజమైన పరీక్ష.

సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ ప్రాంతమున సిర్గాపూర్ కలదు. 1956కు పూర్వము నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో నుండెను. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణతో అది మెదకు జిల్లాలో చేరినది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు అందులోనికి వచ్చినది. తెలుగుతో పాటు కన్నడము, మరాఠీ గూడ చెవినిబడు సరిహద్దు సీమ యది. జొన్న, కంది, పెసర పండించు సేద్యగాండ్ర సీమ. ఇట్టి సీమలోని పాత యిండ్లకు మందమైన మట్టిగోడలు, కర్ర దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై మట్టి పరచిన మిద్దె యుండును. ఎండకాలమున మనుష్యులకు చల్లదన మిచ్చు ఆ గోడలే ఎలుకలకు కోటగోడలు. దూలము గోడలో చొచ్చిన చోట ఒక సందు, గడప క్రింద ఒక సందు, నీరు పోవు తూము కడ మరియొక సందు. తాతల నాడు పేడతో అలికిన వెదురు గుమ్ములలో గింజలు నిలువయుంచెడివారు. అలుకుట మానిన యిండ్లలో ఆ గుమ్ములు గూడ ఎలుకల పాలైనవి.

అట్టి యింటిలో ఒక కుటుంబము నూహింతము. వినాయక చవితినాడు ఇంటిల్లిపాదియు మట్టి గణపతిని పూజించి, ఆయన పాదముల చెంతనున్న మట్టి ఎలుకకు గూడ పసుపు కుంకుమ లద్ది, కుడుములు నివేదించిరి. నిమజ్జనమై వారము తిరుగకముందే కందిపప్పు సంచికి చిల్లి పడినది. పప్పులో ఎలుక పెంటికలు కనబడినవి.

"అత్తమ్మా! అంగడి నుండి మందు తెప్పించెదను. ఇక ఓర్వలేను" అన్నది కోడలు.

"మొన్ననే గదా బిడ్డా మ్రొక్కితిమి! ఆ చేతులతోనే విషము పెట్టుదుమా?" అన్నది అత్త.

"పిల్లలు తిను పప్పు అత్తమ్మా ఇది. వారికి జ్వరము వచ్చినచో ఏ దేవునికి మ్రొక్కుదుము?"

అత్త మారు పలుకలేదు. కోడలు గూడ మందు తెప్పింపలేదు. ఇద్దరి మాటలోను న్యాయమున్నది. ఒకరు భూతదయను పలికిరి, ఒకరు బిడ్డలను కాపాడు బాధ్యతను పలికిరి. రెండును ధర్మములే యైనప్పుడు ఏది విడువవలెను?

మన శాస్త్రములు ఈ చిక్కును ఎరుగనివి కావు. భాగవత సప్తమ స్కంధమున నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మము బోధించుచు, గృహస్థుడు తన బిడ్డలవలె చూడదగిన ప్రాణులను పేర్కొనెను. లేడి, ఒంటె, గాడిద, కోతి, పాము, పక్షి, ఈగలతో పాటు ఎలుక గూడ ఆ వరుసలో నున్నది. ఆ బోధ చేసినది అడవిలోని సన్న్యాసికి కాదు, ధాన్యపు గాదెలుగల గృహస్థునకు. ఆ సందర్భముననే, కడుపు నిండుటకు చాలినంతవరకే మనుష్యునకు హక్కు కలదనియు, అంతకు మించినది తనదే యనుకొనువాడు దొంగతో సమానుడనియు నారదుడు చెప్పెను. ఎలుకను దొంగయని తిట్టు మనకు ఈ మాట కొంత వెనుకకు తగులును.

మనుస్మృతి మరియొక మాట చెప్పినది. ప్రతి గృహస్థుని యింటిలోను ఐదు హింసాస్థానము లున్నవట. అవి పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు రోకలి, నీళ్ల కుండ. బ్రతుకుట కొరకై వీటిని వాడక తప్పదు. వాడినప్పుడెల్ల ఏదో యొక సూక్ష్మప్రాణి నలుగకయు తప్పదు. ఆ దోషము తీరుటకే నిత్యము పంచమహాయజ్ఞములు విధింపబడినవి. వాటిలో భూతయజ్ఞమొకటి. తాను తినుటకు ముందు కుక్కలకు, కాకులకు, పురుగులకు గూడ ఇంత అన్నము వేయుట దాని ఆచరణ. ఈ రెండు బోధలను కలిపి చూచినచో ఒక విషయము తేటపడును. హింస లేక గృహస్థు జీవింపలేడని శాస్త్రమున కెరుక. ఆ మాట చెప్పి ఊరుకొని హింసను మరచిపొమ్మని మాత్రము అది చెప్పలేదు. చేసిన హింసను లెక్కలో నుంచుకొనుమనియు, తగ్గించుకొనుమనియు చెప్పినది.

ఇక ఎలుక వలని హాని చిన్నదని తలంపరాదు. చిట్టెలుక దినమునకు తినునది సుమారు 3 గ్రాములే. కాని తినినదానికంటె మల మూత్రములతో పాడుచేయునది అధికము. దాని ముందు పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును గనుక కొరుకుట దానికి అలవాటు మాత్రమే కాదు, అవసరము. దాని గర్భము సుమారు మూడు వారములలో పండును. ఒక్క ఈతలో ఐదారు పిల్లలు పుట్టును. ఎలుక యున్న యింటికి దానిని వెదకుచు పాము వచ్చునని పల్లెవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు.

వ్యాధుల మాట ఇంకను పెద్దది. 1896లో బొంబాయిలో కనబడిన ప్లేగు నిజాము రాజ్యముతో సహా దేశమున పలుచోట్లకు వ్యాపించి, కొన్ని దశాబ్దములలో కోటి మందికి పైగా బలిగొన్నది. ఎలుకపైని ఈగు వంటి కీటకము ద్వారా ఆ వ్యాధి మనుష్యునకు సంక్రమించునని 1898లో కరాచీలో పాల్ లూయీ సైమండ్ అను వైద్యుడు కనుగొనెను. 1994లో సూరతు నగరమున ప్లేగు భయముతో లక్షలాది జనులు ఊరు విడిచిరి. ఎలుక మూత్రము కలిసిన నీటి వలన వచ్చు ఎలుక జ్వరము నేటికిని ఉన్నది. కావున కోడలి భయము వట్టి చికాకు కాదు.

రాజస్థానమున దేశ్‌నోక్‌లోని కర్ణీమాత ఆలయమున ఎలుకలు స్వేచ్ఛగా తిరుగును, భక్తులు వాటికి పాలు పోయుదురు. అక్కడ అది ఆ దేవతను కొలుచువారి వ్రతము. పసిపిల్లల యింటికి ఆ వ్రతము చెల్లదు. మరి గణపతి పూజ చేయు ఇంటికి చెల్లు మార్గమేది? గణేశ పురాణములోని క్రౌంచుని కథయే ఇందుకు సమాధానము చెప్పుచున్నది.

క్రౌంచుడను గంధర్వుడు శాపవశమున ఎలుకయై పరాశర మహర్షి ఆశ్రమమున పడెను. అక్కడి ధాన్యమును తినెను, వస్త్రములను కొరికెను, ఆశ్రమవాసులను విసిగించెను. బాలగజాననుడు దానిని చంపలేదు. పాశము వేసి బంధించి, తన అదుపులోనికి తెచ్చి, వాహనముగ చేసికొనెను. ఈ కథను కేవలము వినోదముగ వినరాదు. ఆశ్రమమును ఎలుకకు విడిచిపెట్టుట దయ యని స్వామి తలంపలేదు. ఎలుకను నలిపివేయుట శౌర్యమనియు తలంపలేదు. దానికి హద్దు ఏర్పరచెను. మట్టి ఎలుకకు కుంకుమ లద్దినప్పుడు మనము మ్రొక్కునది ఆ హద్దునకే.

హద్దు ఎచ్చట పెట్టవలెనో చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రలాభకథ తెలుపుచున్నది. చూడాకర్ణుడను సన్న్యాసి మిగిలిన భిక్షాన్నమును చిలుకకొయ్యకు తగిలించి నిదురించును. హిరణ్యకుడను ఎలుక రాత్రివేళ ఎగిరి దానిని తినును. సన్న్యాసి కర్రతో బెదరించి బెదరించి అలసెను. ఇంత చిన్న జంతువునకు ఇంత ఎగురు బలము ఎక్కడిదని ఆలోచింపగా, కలుగులో అది కూడబెట్టిన సొత్తే కారణమని తేలెను. కలుగు త్రవ్వి ఆ సొత్తును తీసివేసిన పిదప హిరణ్యకుడు ఎగురలేకపోయెను. కర్ర వలన కానిపని కారణమును తొలగించుట వలన అయినది. ఎలుకపై కోపము తెచ్చుకొనుట సులభము, ఎలుక వచ్చుటకు కారణమేమని వెదకుట కష్టము. ధర్మము ఆ కష్టమైన పనియందే యున్నది.

చంపవలెనా వద్దా యను ప్రశ్న రాత్రివేళ వచ్చును. దానికి సమాధానము చెప్పవలసిన వేళ మాత్రము పగలు. చిట్టెలుక దూరుటకు సుమారు 6 మిల్లీమీటర్ల సందు చాలును. గోడ మూలలలో, దూలముల మొదళ్లలో ఆ సందులను వెదకి, పగిలిన గాజుపెంకులు కలిపిన గారతోనో సిమెంటుతోనో పూడ్చవలెను. తూములకు సన్నని యినుప జాలి బిగింపవలెను. తలుపు అడుగున రేకు కొట్టింపవలెను. గింజలను గోనెసంచులలో నేలపై నుంచక, మూతగల రేకు డబ్బాలలో గోడకు దూరముగ నుంచవలెను. రాత్రి ఎంగిలి గిన్నెలు విడువరాదు. మిద్దెపై పనికిరాని సామాను కూడబెట్టరాదు. ఈ పనులలో పుణ్యకార్యమని పిలువదగిన ఆడంబర మేమియు కనబడదు. కాని పూడ్చిన ప్రతి సందు వలనను కొన్ని ప్రాణులు బోనులో పడుట తప్పును. దయ యనగా కన్నీరు కాదు, ముందుచూపు.

ఈ తత్త్వమునే మహాత్మా గాంధి మరియొక సందర్భమున చెప్పెను. 1926లో అహమదాబాదున ఒక మిల్లు యజమాని 60 వీధి కుక్కలను చంపించినప్పుడు పెద్ద వివాదము చెలరేగినది. అహింసావాదియైన గాంధి ఆ చర్యను ఖండించునని పలువురు తలంచిరి. ఆయన యంగ్ ఇండియా పత్రికలో వరుసగ వ్యాసములు వ్రాసి, మనుష్యులకు అపాయము కలిగినపుడు చంపుట తప్పనిసరి కావచ్చుననెను. పోషించు బాధ్యత వహింపక వీధి కుక్కకు ఒక రొట్టెముక్క విసరి పుణ్యము వచ్చినదనుకొనుటను ఆయన నిందించెను. బాధ్యత లేని జాలియే తుదకు హత్యకు దారితీయునని ఆ వాదము సారాంశము. ఇంటి సందులను తెరచియుంచి, ఎంగిలి విడిచి, ఎలుకలు పెరిగిన పిదప విషము పెట్టు మనకు అది చక్కగ వర్తించును.

అన్నియు చేసినను ఎలుక వచ్చినచో? అప్పుడు చంపుట అనివార్యము కావచ్చును. అనివార్యమైనంత మాత్రమున ఏ పద్ధతియైనను తగునని కాదు. జిగురు అట్టకు అంటుకొన్న ఎలుక ఆకలితో, భయముతో గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు దినముల తరబడి కొట్టుకొని చచ్చును. భారత జంతు సంక్షేమ మండలి 2011లోను, 2020లోను ఈ అట్టల వాడకమునకు వ్యతిరేకముగ సూచనలు పంపినది. రక్తము గడ్డకట్టకుండ చేయు మందులు తినిన ఎలుక కొన్ని దినములు లోలోపల రక్తము స్రవించి మరణించును. ఆ ఎలుకను తినిన గుడ్లగూబకును, పిల్లికిని గూడ విషము సోకును. పసుపు భాస్వరముతో చేసిన ముద్ద పసివాని చేతికి చిక్కినచో కాలేయము చెడును, దానికి తగిన విరుగుడు మందు లేదు. ఏ బిడ్డల కొరకై విషము తెత్తుమో ఆ బిడ్డలకే అది ముప్పు. తప్పనిచో, క్షణములో ప్రాణము తీయు గట్టి స్ప్రింగు బోను వీటికంటె నయము.

ప్రాణముతో పట్టు బోను దోషము లేనిదని పలువురి నమ్మకము. పట్టిన ఎలుకను పొరుగు వీధిలోనో, పరుల జొన్నచేనిలోనో విడుచుట దయ కాదు, తన బాధను పరుల గడపకు పంపుట. ఎరుగని చోట విడిచిన ఇంటి ఎలుకకు తిండియు నీడయు దొరకక చచ్చుటయే తరచు జరుగును. బోనును మరచి రెండు దినములు చూడనివాడు విషము పెట్టినవానికంటె దయామయుడు కాడు.

చేయి మార్చినంత మాత్రమున దోషము మారదు. కోస్తా ప్రాంతపు వరిపొలములలో ఎలుకలు పట్టుట తరతరములుగా యానాదులకు వృత్తి. వారు పట్టిన ప్రతి ఎలుక వలన రైతునకు గింజలు మిగిలినవి. ఆ గింజలనే తిని, ఎలుకలు పట్టువాడని వారిని తక్కువగ చూచినవారు పలువురు. మాంస విషయమున మనుస్మృతి చంపువానితో పాటు అనుమతించువానిని, కొనువానిని, వండువానిని, తినువానిని గూడ హంతకుల లెక్కలో చేర్చినది. ఆ న్యాయము ఇచటను వర్తించును. కూలి యిచ్చి పట్టించినను, పిల్లిని పెంచి పట్టించినను, ఆ పని మనదే. మన పని చేసిపెట్టినవానికి మనము ఋణపడియుందుము, వానిని చులకన చేయు హక్కు మనకు లేదు.

తిరిగి ఆ యింటికి వత్తము. అత్త మాట నిలువవలెనన్నను, కోడలి మాట నిలువవలెనన్నను మార్గమొక్కటే. ఇద్దరును కొంగులు బిగించి, పగటివేళ దీపము తీసికొని గోడ మొదళ్లు వెదకవలెను. ఒకరు సందు చూపగా ఒకరు గార మెత్తవలెను. కందిపప్పు రేకు డబ్బాలోనికి మారవలెను. అప్పటికిని ఒక ఎలుక లోపల చిక్కి, దానిని చంపక తప్పనిచో, త్వరగ ముగించి, ఆ దినము తాము తినుటకు ముందు కాకులకు, చీమలకు ఇంత అన్నము వేయవలెను. అది చేసిన పనిని కప్పిపుచ్చుటకు కాదు, మరువకుండుటకు. మరుసటి చవితికి మట్టి ఎలుక నుదుట కుంకుమ అద్దునప్పుడు ఆ చేతులు వణుకనక్కరలేదు.