కట్టిన కడుపు, కట్టుబడని రుచి

బరువు తగ్గడానికి జీర్ణాశయం పైభాగం చుట్టూ బిగించే సిలికాన్ పట్టీనే గ్యాస్ట్రిక్ బ్యాండు అంటారు. దాని లోపలి అంచున ఉబ్బే గొట్టం ఒకటి ఉంటుంది. పొట్ట చర్మం కింద అమర్చిన చిన్న పోర్టుకూ ఆ గొట్టానికీ మధ్య సన్నటి ట్యూబు ఉంటుంది. పోర్టులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీసేస్తే వదులవుతుంది. పట్టీకి పైన మిగిలే సంచిలో తొలి రోజుల్లో 15 నుంచి 30 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే ఒకటి రెండు పెద్ద చెంచాలు. ఇలా బిగువు మార్చుకోగల పట్టీని 1986లో అమెరికాలో లుబోమిర్ కుజ్మాక్ అనే సర్జన్ వాడాడు. 1993లో బెల్జియంలో మితికు బెలాచ్యూ దాన్ని పెద్ద కోత లేకుండా లాపరోస్కోపీతో అమర్చాడు. 2001లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చాక కొన్నేళ్ల పాటు అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లో దీని వాడకం జోరుగా సాగింది. తర్వాత జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని కోసి తీసేసే స్లీవ్ ఆపరేషన్ రావడంతో బ్యాండు వెనకబడింది, చాలామందికి తీసేయాల్సి కూడా వచ్చింది. అయినా దాన్ని కడుపులో పెట్టుకుని బతుకుతున్నవాళ్లు ఇప్పటికీ ఎందరో ఉన్నారు.

ఈ పట్టీ పేగును కోయదు, తిన్నది ఒంటపట్టకుండా అడ్డుకోదు. కాస్త తినగానే కడుపు నిండిన కబురు మెదడుకు అందేలా చేస్తుంది, అంతే. మిగతా సగం పని తినేవాళ్లదే. అందుకే ఇక్కడ వైద్యంతో తేలని ప్రశ్న ఒకటి వస్తుంది. కడుపుకు కట్టు వేయించుకున్నాక కూడా తిండి అదుపు తప్పితే ఆ తప్పు ఎవరిది? అసలు దాన్ని తప్పు అనవచ్చా? మితాహారం గురించి వేల ఏళ్లుగా ఆలోచించిన సంప్రదాయాలకు ఈ పట్టీ తెలియదు గానీ, ఈ ప్రశ్న బాగా తెలుసు.

ముందు జరిగేదేమిటో దగ్గర నుంచి చూడాలి. వేడి అన్నంలో ముద్దపప్పు కలిపిన మూడో ముద్ద గొంతు దిగుతుంది. సరిగ్గా నమలలేదు. రొమ్ము ఎముక వెనక ఎవరో బొటనవేలితో అదిమినట్టు ఒత్తిడి మొదలవుతుంది. నోట్లో జిగురు నురుగులా లాలాజలం ఊరుతూనే ఉంటుంది. మింగడానికి రాదు, మాట్లాడటానికీ రాదు. ఎదురుగా ఉన్నవాళ్లు కంగారుగా నీళ్ల గ్లాసు అందిస్తారు. కింద దారి మూసుకుపోయినప్పుడు ఆ నీళ్లు ముద్ద మీదే నిలిచి బాధను పెంచుతాయి. లేచి, నాలుగడుగులు నడిచి, వాష్ బేసిన్ దగ్గర వంగి నిలబడితే కాసేపటికి ముద్ద కిందికి జారుతుంది, లేదా పైకి వచ్చేస్తుంది. వెనక్కి వచ్చేసరికి కంచంలో అన్నం చల్లారి ఉంటుంది. ముద్ద ముట్టాలంటే భయం, లేచి వెళ్లిపోవాలంటే సిగ్గు. ఆ రాత్రికి ఆ భయానికి ఇంకో రెండు తోడవుతాయి. పట్టీ జరిగిపోయిందేమో, ఇంత చేసీ ప్రయోజనం లేదేమో అని.

పొరపాటును విడదీసి చూడటంలో ఆయుర్వేద ఆచార్యుడు చరకుడికి సాటి లేదు. రోగాలకు మూలంగా ఆయన చెప్పిన ప్రజ్ఞాపరాధం అనే భావనలో మూడు వేర్వేరు లోపాలున్నాయి. ధీ (వివేకం), ధృతి (నిగ్రహం), స్మృతి (జ్ఞాపకం) అనే మూడింటిలో ఏది జారినా మనిషి తనకు హాని చేసేదే చేస్తాడు. బ్యాండు ఉన్నవాళ్ల కష్టాలకు ఈ మూడూ అచ్చంగా సరిపోతాయి. మెత్తటి బ్రెడ్డు, ఆరిపోయిన చికెన్ ముక్క, ముద్దగా అతుక్కునే అన్నం ఇరుక్కుంటాయని తెలియక తినడం ధీ లోపం. టీవీ చూస్తూ నమలడం మరిచిపోవడం స్మృతి లోపం. తెలిసీ, గుర్తుండీ, దిగులుతోనో కోపంతోనో చెయ్యి ఆగకపోవడం ధృతి లోపం. మొదటిదానికి మందు సమాచారం, రెండోదానికి అలవాటు. మూడోదానికి ఓపిక, తోడు కావాలి. మూడింటినీ ఒకే గాటన కట్టి ‘నాకు మనోబలం లేదు’ అనుకోవడం తనకు తాను చేసుకునే అన్యాయం. పైగా ఈ మూడింటిలోనూ చేరని నాలుగో రకం ఉంది. పట్టీ జరగడం, పైసంచి సాగడం, పోర్టు కారడం, పట్టీ జీర్ణాశయపు గోడను ఒరుసుకుని లోపలికి దిగడం. వీటిని తినేవాళ్ల గుణదోషాలకు అంటగట్టకూడదు. వాటిని తేల్చేది సర్జన్, ఎక్స్‌రే, ఎండోస్కోపీ మాత్రమే.

ధృతి సంగతి కొంచెం లోతుగా చూడాలి. భగవద్గీత రెండో అధ్యాయం 59వ శ్లోకంలో ఒక నిశితమైన పరిశీలన ఉంది. ఆహారం మానినవాడి నుంచి విషయాలు తొలగిపోతాయి గానీ, వాటి మీది రుచి మాత్రం ఉండిపోతుందని దాని తాత్పర్యం. పరమైనదాన్ని చూశాకే ఆ రుచి కూడా పోతుందని శ్లోకం ముగుస్తుంది. ఉపవాసం గొప్పదని ఊరంతా నమ్మే చోట ఉపవాసం చేయలేని పనేమిటో చెప్పిన శ్లోకమిది. బ్యాండు చేయలేనిదీ అదే. పళ్లెం చిన్నదవుతుంది, కోరిక చిన్నది కాదు. ఆపరేషన్ అయ్యాక కూడా ఆవకాయ వాసనకు నోరూరుతోందని బాధపడేవాళ్లు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, రుచి మిగిలే ఉంటుందని గీతే ముందుగా చెప్పింది.

దీనికి ప్రయోగశాల సాక్ష్యం కూడా ఉంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకు ఆరు నెలల పాటు సగం ఆకలితో ఉండేలా తిండి పెట్టాడు. వాళ్లు మామూలు మనుషులు కారు. మనస్సాక్షి ఒప్పుకోక యుద్ధానికి వెళ్లనన్నవాళ్లు, చాలామంది శాంతిని నమ్మే క్రైస్తవ శాఖలవాళ్లు. ప్రభుత్వాన్నే కాదన్న గట్టి మనుషులు కొన్ని నెలలకే వంట పుస్తకాలు పోగేసుకున్నారు, కలల్లో తిండి చూశారు, కంచాలు నాకారు. కొందరు నియమం తప్పి తిన్నారు, ఆ తర్వాత కుమిలిపోయారు. అంత నిష్ఠ ఉన్నవాళ్ల మనసునే ఆకలి అలా ఆక్రమించిందంటే, తిండి గురించి ఎడతెగని ఆలోచనను శీలం లోపం అనడానికి లేదు. శరీరం తన బరువును కాపాడుకోవడానికి వేసే ఎత్తు అది.

పట్టీని దాటిపోయే దారులు కూడా ఉంటాయి. కూర ముక్క ఇరుక్కుంటుంది, ఐస్‌క్రీమ్ ఇరుక్కోదు. చపాతీ బాధపెడుతుంది, మిల్క్‌షేక్ హాయిగా దిగిపోతుంది. గట్టి తిండికి భయపడి మెత్తటి తీపికి అలవాటు పడినవాళ్ల బరువు మళ్లీ పెరుగుతుంది. నియమం అక్షరాలా నిలిచింది, దాని ఉద్దేశం మాత్రం జారిపోయింది. గాంధీ ఇలాంటి ఇరకాటంలోనే పడ్డారు. పాలు ముట్టనని వ్రతం పట్టిన ఆయన, తీవ్రమైన జబ్బులో కస్తూర్బా సూచన మీద మేకపాలు తాగారు. వ్రతం పట్టినప్పుడు మనసులో ఉన్నవి ఆవు, గేదె పాలే కదా అన్నది సమర్థన. వ్రతంలోని మాటను కాపాడుకున్నాను గానీ దాని ఆత్మను కాదు అనే అర్థంలో ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. ఆ అసంతృప్తిని ఆయన దాచలేదు, అలాగని దానికింద నలిగి పని మానుకోనూ లేదు. తీపి జారుడుదారిని కనిపెట్టుకున్న పేషెంటుకు కావాల్సిన నిజాయితీ ఇదే. డాక్టరు దగ్గర, డైటీషియన్ దగ్గర మేకపాలను మేకపాలనే చెప్పగలగాలి.

ఇక్కడ మరో ఆక్షేపణ వినిపిస్తుంది, ఎక్కువగా చుట్టాల నోట. నోరు కట్టుకోలేక కడుపు కట్టించుకున్నారని. బయటి కట్టుతో వచ్చిన సంయమనం సంయమనమే కాదన్నది దీని వెనకున్న వాదం. అరిస్టాటిల్ కూడా అతి కోరికే లేని మితవ్రతుణ్ణి, అలాంటి కోరిక ఉండీ నిగ్రహించుకునేవాణ్ణి విడివిడిగా చూశాడు, మొదటివాణ్ణే పైన ఉంచాడు. కానీ గ్రీకు కథలో ఒడిస్సియస్, నావికులను పాటతో చావుకు లాగే సైరన్ల గొంతు వినబడక ముందే తనను ఓడ స్తంభానికి కట్టేయమన్నాడు. తన బలహీనత ముందే తెలిసి కట్టించుకోవడం వివేకమే. ఏకాదశి, కార్తీక సోమవారం, రంజాన్ ఉపవాసం, క్రైస్తవుల లెంట్ దినాలు కూడా బయటి నుంచి వేసుకున్న కట్లే. తిథి చూసి తిండి మానేవాణ్ణి ఎవరూ మోసగాడనరు.

ఇక అసలు ప్రశ్న. మాత్ర, అంటే తిండి కొలత, తప్పినవాడి గతి ఏమిటి? గీత ఆరో అధ్యాయం ఈ విషయంలో అరుదైనది. 16, 17 శ్లోకాల్లో అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం సిద్ధించదని, యుక్తమైన ఆహార విహారాలు కావాలని కృష్ణుడు చెబుతాడు. 34వ శ్లోకానికి వచ్చేసరికి మనసును పట్టడం గాలిని పట్టడం లాంటిదని అర్జునుడు మొరపెట్టుకుంటాడు. కృష్ణుడు కాదనడు. కష్టమేనని ఒప్పుకుని అభ్యాసం, వైరాగ్యం అనే రెండు మాటలు చెబుతాడు. అప్పుడు అర్జునుడు అసలు భయం బయటపెడతాడు. శ్రద్ధ ఉండీ దారి మధ్యలో జారినవాడు అటూ ఇటూ కాక చెదిరిన మేఘంలా నశించిపోతాడా అని. జవాబు 40వ శ్లోకం. మంచికి పూనుకున్నవాడెవడూ దుర్గతి పాలవడని చెబుతూ కృష్ణుడు అతణ్ణి ‘తాత’ అని పిలుస్తాడు. సంస్కృతంలో ఆ మాటకు ‘నాయనా’ అని అర్థం. జారినవాడు చేసిన సాధన వృథా కాదనీ, ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకుంటాడనీ తర్వాతి శ్లోకాలు చెబుతాయి. అక్కడి సందర్భం జన్మాంతరాలది. దాన్ని పూటకూ పూటకూ మధ్య జరిగే జారుపాటుకు అన్వయించడం కొంచెం సాగదీయడమే. అయినా ఆహార మాత్రనూ జారినవాడి ఓదార్పునూ పాతిక శ్లోకాల లోపే ఒకే అధ్యాయంలో ఉంచడం గమనించాల్సిన విషయం. మాత్ర చెప్పినవాడు జారుపాటుకూ జవాబు చెప్పాలి. ఆ రెండోది లేని ఆహార నియమం అసంపూర్ణం.

జారుపాటు కంటే దాని వెనకొచ్చే తీర్పే ఎక్కువ హాని చేస్తుంది. 1975లో హెర్మన్, మాక్ అనే మనస్తత్వవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ముందుగా మిల్క్‌షేక్ తాగించాక ఐస్‌క్రీమ్ ఇస్తే, మామూలుగా తినేవాళ్లు తక్కువ తిన్నారు. నోరు కట్టుకుని ఉండేవాళ్లు మాత్రం ఎక్కువ తిన్నారు. ఎలాగూ నియమం పోయింది, ఇక ఎంతైతేనేం అన్న ధోరణి అది. ధర్మశాస్త్రాలు ప్రాయశ్చిత్తాన్ని ఎందుకు కొలత పెట్టి చెప్పాయో ఇక్కడ అర్థమవుతుంది. ప్రాయశ్చిత్తానికి ఒక మొదలూ ఒక ముగింపూ ఉంటాయి, అది అయ్యాక మనిషి శుద్ధుడే. పశ్చాత్తాపానికి అలాంటి గడువు లేదు. చాంద్రాయణ వ్రతంలో చంద్రుడితో పాటు ముద్దలు రోజుకొకటి తగ్గుతాయి, మళ్లీ రోజుకొకటి పెరుగుతాయి. తగ్గించడమే కాదు, పెంచడమూ వ్రతంలో భాగమే. బ్యాండు ఉన్నవాళ్లు నిన్నటి తప్పుకు ఇవాళ కడుపు మాడ్చుకోవడం ప్రాయశ్చిత్తం కాదు. అది రేపటి తప్పుకు దారి తీస్తుంది. వచ్చే పూట మామూలుగా, వేలి కొనంత ముక్క చొప్పున, నిదానంగా తినడమే వాళ్లకు తగిన శుద్ధి.

పట్టీని మరింత బిగించమని అడగడం మరో రకం శిక్ష. బౌద్ధ వినయపిటకంలో సోణుడనే భిక్షువు పాదాలు నెత్తురోడేలా నడిచి సాధన చేసి, ఫలితం రాక ఇంటికి వెళ్లిపోదామనుకుంటాడు. పూర్వం అతను వీణ వాయించేవాడని తెలిసిన బుద్ధుడు, తీగ మరీ బిగిస్తే పలికేదా, మరీ వదిలేస్తే పలికేదా అని అడుగుతాడు. బ్యాండు విషయంలో ఇది అక్షరాలా నిజం. అతిగా బిగిస్తే గట్టి తిండి దిగక మనిషి తీపి ద్రవాల వైపు మళ్లుతాడు. రాత్రిళ్లు పులితేన్పులు, దగ్గు మొదలవుతాయి. పదే పదే వాంతులైతే పట్టీ జారవచ్చు, థయామిన్ (విటమిన్ బి1) లోపించవచ్చు. అలాంటప్పుడు కావాల్సింది సంకల్పం కాదు, కొంచెం సెలైన్ తీయించుకోవడం. నీళ్లు, లాలాజలం కూడా గంటల తరబడి దిగకపోయినా, హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

తిండి మీద భయం క్రమంగా తిండి మీద ద్వేషంగా మారడం చాలామందిలో కనిపిస్తుంది. తైత్తిరీయోపనిషత్తు అన్నాన్ని నిందించకూడదని వ్రతంగా విధించింది. ఆ వ్రతం అతిగా తినమని చెప్పదు, అన్నాన్ని శత్రువుగా చూడవద్దంటుంది. తెలుగిళ్లలో కొసరి కొసరి వడ్డించడం ప్రేమకు గుర్తు. వద్దంటే నొచ్చుకుంటారని మొహమాటానికి తిని బేసిన్ దగ్గరికి పరుగెత్తేవాళ్లకు ప్రసాదపు నియమం అండగా నిలుస్తుంది. ప్రసాదం కణమైనా, దోసెడైనా ఫలం ఒకటే, కళ్లకద్దుకుని ఒక్క మెతుకు నోట్లో వేసుకున్నా పుచ్చుకున్నట్టే. పెళ్లి విస్తరి ముందూ ఆ మర్యాద చెల్లుతుంది. వడ్డించేవాళ్లు కూడా దాన్ని ఒప్పుకోవాలి.

తిండి తగ్గించుకోవడం గురించి మనకు దొరికే పాత కథల్లో ఒకటి బౌద్ధుల సంయుత్త నికాయంలో ఉంది. కోసల రాజు ప్రసేనజిత్తు తూమెడు అన్నం తిని, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గర కూర్చుంటాడు. బుద్ధుడు మితాహారం మీద ఒక పద్యం చెబుతాడు. రాజు దాన్ని తానే గుర్తుపెట్టుకుంటానని అనడు. వెనక నిలబడిన సుదర్శనుడనే యువకుణ్ణి అది నేర్చుకోమని, రోజూ తాను భోంచేసేటప్పుడు చదివి వినిపించమని, అందుకు రోజుకు వంద కార్షాపణాల నాణేలిస్తానని అంటాడు. వ్యాఖ్యాన గ్రంథాల్లో ఇంకో వివరం ఉంది. రాజు చివరి ముద్ద ఎత్తగానే పద్యం చదవాలి, రాజు ఆ ముద్ద వదిలేస్తే అందులోని మెతుకులు లెక్కపెట్టి, మరుసటి పూట అన్ని గింజలు తగ్గించి వండించాలి. అలా తగ్గుతూ తగ్గుతూ రాజు చివరికి తవ్వెడు అన్నం దగ్గర స్థిరపడ్డాడు.